ఇంగ్లీషు కోసం రెండు నొక్కండి

నమస్కారమండీ. మన శ్రీకాకుళంలో ఇంగ్లీషు గురించి ఎవరిని కదిపినా ఒకటే మాట, చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడదామంటే నోరు పెగలదు అని. నాదీ అదే బాధ. డిగ్రీ దాకా ఇంగ్లీషు పేపరు ఏ ఏడూ తప్పలేదు, విశాఖలో ఒక ఇంటర్వ్యూకెళ్తే మాత్రం కుర్చీలో కూర్చోకముందే థ్యాంక్యూ చెప్పేసి, ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేకపోయాను. కోచింగ్‌కి డబ్బు కట్టాను. అక్కడా టెన్సులే, నోట్సే.

అప్పుడు గుర్తొచ్చారు గిడుగు రామమూర్తి గారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు, మన జిల్లా మనిషే. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుందామంటే దానికి పుస్తకం లేదు, లిపీ లేదు; తెలుగు తెలిసిన ఒక సవర ఆయన్ని ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర నేర్చుకుని, చివరికి సవర–ఇంగ్లీషు నిఘంటువే తయారుచేశారు. మనకి పుస్తకాలు కుప్పలున్నాయి, లేనిది ఆ ఎదుటి మనిషే.

ఇంగ్లీషాయన్ని ఇంట్లో పెట్టుకోలేను కదా, అందుకని ఆమదాలవలస స్టేషన్ పట్టుకున్నాను. అనౌన్స్‌మెంట్ తెలుగులో వినగానే విషయం తెలిసిపోతుంది, ఇంగ్లీషు వచ్చేసరికి అర్థం కోసం తడుముకునే పనిలేదు, అనౌన్స్ చేసే ఆవిడ వెనకే నెమ్మదిగా అనుకుంటూ పోవడమే. అలా అంటుంటే నా తప్పు నాకే వినబడింది. మన తెలుగు మాటలు అచ్చుతో ఆగుతాయి కదా, ఆ అలవాటున బస్‌ని బస్సు, ట్రెయిన్‌ని ట్రైను చేసేస్తాం, చివర ఒక ఉకారం తగిలిస్తే గానీ మాట పూర్తయినట్టుండదు మనకి. పక్కన పల్లీలు తింటున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి కాస్త జరిగి కూర్చున్నారనుకోండి, అది వేరే సంగతి.

వినడం సరే, జవాబిచ్చే మనిషి కావాలిగా. రీఛార్జ్ చేసినా డేటా రావట్లేదని కస్టమర్ కేర్‌కి చేసి, ఇంగ్లీషు కోసం రెండు నొక్కాను. (పనుంటేనే చేయండి, ఊరికే వాళ్ళని సతాయించకండి.) ఆవిడ హౌ మే ఐ హెల్ప్ యూ అనగానే కట్ చేసేశాను. మర్నాడు అడగాల్సిందంతా కాగితం మీద రాసుకుని చేస్తే, నా కాగితంలో లేని ప్రశ్న వేశారు. మూడో రోజు కాగితం పక్కన పడేసి, వచ్చిన నాలుగు ముక్కల్తోనే ఆగుతూ, వెనక్కెళ్ళి సరిచేసుకుంటూ మొత్తం గొడవంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, “సార్, తెలుగులో మాట్లాడమంటారా?” అన్నారు చక్కటి తెలుగులో.

“నో మేడమ్, ఇంగ్లీష్ ఓన్లీ” అన్నాను. మేడమ్ చివర ఉకారం లేకుండా.