జెర్బిల్ కొనేముందు పది నిమిషాలు దాని ట్యాంక్ ముందు నిలబడండి

హాయ్ అండీ, వెల్కమ్. ఇవాళ జెర్బిల్స్ గురించి, అంటే ఇళ్లలో పెంచుకునే ఎలుకలాంటి చిన్న ప్రాణుల గురించి. ఎక్కడ కొంటే మేలు, ఎలాంటిదాన్ని తీసుకోవాలి, ఎప్పుడు ఖాళీ చేతులతో వచ్చేయాలి అన్నంతవరకే మాట్లాడతాను.

పెంపుడు జెర్బిల్ అంటే దాదాపుగా మంగోలియన్ జెర్బిలే. మంగోలియా, ఉత్తర చైనా మైదానాల్లో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే ప్రాణి. అందుకే ఒక్కదాన్నే కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. ఒకే ఈతలో పుట్టిన రెండు మగవో, రెండు ఆడవో తీసుకోండి. ఆడ మగ జంట మాత్రం వద్దు. ఆడది చూలు కట్టిన 24 నుంచి 26 రోజుల్లో ఈనేస్తుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఆ పిల్లలన్నిటినీ ఎవరికి ఇస్తారు చెప్పండి!

"రెండూ ఆడవేనండీ" అని అమ్మేవాళ్లు ధీమాగా చెప్తారు. సరే, వెనక భాగం చూపించమనండి. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఎడం మగదానిలో ఎక్కువ, ఆడదానిలో బాగా తక్కువ. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. షాపులోకి వెళ్లగానే చాలామంది రంగు చూస్తారు. నేనైతే ముందు ట్యాంక్ చూస్తాను. అడుగున పరిచిన పొట్టు తడిగా ఉందా? ఘాటు వాసన వస్తోందా? నీళ్ల సీసాలో నీళ్లున్నాయా? ఏదైనా ఒకటి బొచ్చు నిక్కబొడుచుకుని, గూని పెట్టుకుని మూల కూర్చుందా? వెనక తడిగా, విరేచనంతో అంటుకుపోయి ఉందా? అలాంటిది ఒక్కటి కనబడినా ఆ ట్యాంక్‌లోంచి ఏదీ కొనకండి, పక్కది ఎంత హుషారుగా ఉన్నా సరే. టైజర్స్ అనే బ్యాక్టీరియా జబ్బుకి జెర్బిల్స్ చాలా తేలిగ్గా లొంగిపోతాయి. పొట్టు ద్వారా ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది, రోజుల్లోనే ప్రాణం తీయగలదు. జాలిపడి జబ్బుదాన్ని తెచ్చుకుంటే రెండూ పోయే ప్రమాదం ఉంది.

అన్నీ పడుకుని ఉన్నాయా? కంగారు లేదు. ఇవి పగలూ రాత్రీ కూడా కాసేపు పడుకుని, కాసేపు లేచి తిరుగుతుంటాయి. ఓ పది నిమిషాలు ఆగండి. లేచాక చెయ్యి లోపల పెట్టనివ్వమని అడగండి. ఆరోగ్యంగా ఉన్నది ముందు పారిపోయినా, కాసేపటికి వచ్చి వేళ్లు వాసన చూస్తుంది.

దగ్గరగా చూసేటప్పుడు ముక్కు మీద ఓ కన్నేయండి. ముక్కు చుట్టూ, కళ్ల దగ్గర ఎర్రగా ఎండిపోయి ఉంటే రక్తం అనుకుంటారు. అది చాలాసార్లు రక్తం కాదు. కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. టెన్షన్‌లో ఉన్నా, తేమ ఎక్కువైనా అది ఎక్కువగా వస్తుంది, చర్మం పుండు పడుతుంది. రక్తం కాదని తెలిసినా నేను దాన్ని తీసుకోను. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి. టిక్ టిక్‌మని చప్పుడొస్తే శ్వాస ఇబ్బంది అన్నమాట. ముందు పళ్లు పసుపు, నారింజ రంగులో ఉంటే భయపడకండి, అది మామూలే. వంకరగా పెరిగాయేమో అది చూడండి. పొట్ట మధ్యలో వెంట్రుకల్లేని చిన్న కోలమచ్చ కూడా గాయం కాదు, అది వాసన గ్రంథి. ముసలివాటిలో అక్కడ గడ్డలు వస్తుంటాయి కాబట్టి, ఉబ్బు ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

అమ్మే మనిషి దాన్ని ఎలా పట్టుకుంటున్నాడో కూడా గమనించండి. తోక చివర పట్టుకుని పైకెత్తితే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. తోక చర్మం తొడుగులా ఊడి చేతికొచ్చేయొచ్చు, మళ్లీ పెరగదు. రెండు అరచేతులూ దోసిలిలా పట్టి ఎత్తాలి.

షాపా, బ్రీడరా (అంటే ఇంట్లో వీటిని ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్లా)? నా ఓటు బ్రీడర్‌కే, కారణం ఫిట్స్. కొన్ని వంశాల్లో ఇది తరతరాలుగా వస్తుంది. కొత్త చోట, చేతిలోకి తీసుకున్నప్పుడు చెవులు వెనక్కి పడిపోయి, మీసాలు వణికి, ఒళ్లు బిగుసుకుపోతుంది. చాలావాటికి కాసేపట్లో దానంతటదే తగ్గిపోతుంది. కానీ ఇది సాధారణంగా రెండు నెలల వయసు దాటాకే బయటపడుతుంది. మనం కొనేదేమో ఆరు నుంచి ఎనిమిది వారాల పిల్లని! కాబట్టి పిల్లని చూస్తే ఏం తెలియదు, తల్లిదండ్రుల గురించి అడగాలి. ఆ జవాబు మంచి బ్రీడర్ దగ్గర ఉంటుంది, షాపులో చాలావరకు ఉండదు. ఎవరైనా పెంచలేక ఇచ్చేస్తున్న జంట దొరికితే అదీ మంచిదే, వయసు మాత్రం అడగండి. మొత్తం ఆయుష్షే మూడు నాలుగేళ్లు.

కాంబోలో అంటగట్టే ప్లాస్టిక్ కేజ్ వద్దు, కొరికి పారేస్తాయి. గాజు ట్యాంక్, 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతు పొట్టు, పైన జాలీ మూత. ఇవి ఇంట్లో సిద్ధం చేశాకే కొనడానికి వెళ్లండి.

జంటలో ఒకటి చనిపోతే కొత్తదాన్ని నేరుగా తెచ్చి పక్కన వదిలేయకండి, ఒకదాన్నొకటి చంపుకునేదాకా పోతాయి. మధ్యలో జాలీ పెట్టి మెల్లగా అలవాటు చేయాలి. అదెలాగో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను. ఉంటానండీ.