క్లిక్ ఏదండీ?

(స్టూడియో చర్చకు అక్షరరూపం ఇది. మైకులు సర్దుకోవడాలు, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడిన చోట్లు తీసేశాం. మిగతాది మాట్లాడినట్టే ఉంచాం. పాల్గొన్నవారు ముగ్గురు: ఒక గాయని, ఒక వయొలిన్ విద్వాంసుడు, ఒక సౌండ్ ఇంజినీర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. ఆ మర్నాడే బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అనే జర్మనీ వాద్యబృందం ఒక్క శ్రోత కూడా లేని హాల్లో వాయించి, దాన్ని ఇంటర్నెట్‌లో ప్రసారం చేసింది. తర్వాత చాలాచోట్ల ఆ హాళ్లకూ తాళాలు పడ్డాయి. కళాకారులకు బోలెడు తీరిక దొరికింది, ఎన్నెన్ని పాటలు కట్టి ఉంటారో అని బయటివాళ్లం అనుకున్నాం. మేడమ్, మీతోనే మొదలుపెడతాను. ఎన్ని కట్టారు?

గాయని: సున్నా. (నవ్వులు) నిజమేనండి. మొదటి నెలలో ఒక్క పల్లవి కూడా రాలేదు. తీరిక వేరు, మనసు కుదురుగా ఉండటం వేరు. పొద్దున లేవగానే ఫోన్‌లో కేసుల లెక్క చూడటం, తెలిసినవాళ్లకి ఎలా ఉందో కనుక్కోవడం, రద్దయిన కచేరీల వాళ్లకి జవాబులు రాయడం. దీంట్లో పాట ఎక్కడ పుడుతుంది? పైగా కొత్త భాష నేర్చుకుంటున్నాం, పుస్తకం రాస్తున్నాం అని అందరూ పోస్టులు పెడుతుంటే, నాకొక్కదానికే చేతకావడం లేదేమో అని అదో టెన్షన్.

వ్యాఖ్యాత: మరి బండి ఎక్కడ కదిలింది?

గాయని: మా మృదంగం ఆయన వల్ల. ఒక రాత్రి 40 సెకన్ల ముక్క వాయించి పంపించారు. "దీని మీద ఏదో ఒకటి పాడి రేపటికల్లా పంపండి, బాగుండక్కర్లేదు" అన్నారు. ఆ "బాగుండక్కర్లేదు" అన్న మాటే నన్ను బతికించింది. అవతల ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు, రేపటికి ఇవ్వాలి. అంతకు ముందు రోజంతా ఖాళీగా ఉన్నా నోరు తెరవని దాన్ని, ఆ రాత్రి పదకొండింటికి పాడాను.

వయొలిన్ విద్వాంసుడు: నా సంగతి ఇంకోలా జరిగింది. జబ్బు నాకే వచ్చింది. 14 రోజులు ఒక గదిలో ఒంటరిగా ఉన్నాను. ఐదో రోజున వయొలిన్ తీస్తే కమాను పట్టుకున్న చెయ్యి వణికింది. కీర్తన కాదు కదా, వర్ణంలో మొదటి వరుస కూడా అయ్యేలా లేదు. సరేనని వేలు పెట్టకుండా ఒట్టి తీగ మీద కమాను ఈ చివర నుంచి ఆ చివరకి లాగడం మొదలుపెట్టాను. ఒక్కో లాగుడుకి పది అంకెలు లెక్కపెట్టాలి. మధ్యలో దగ్గొస్తే మళ్లీ ఒకటి నుంచి. మొదటిరోజు ఆరు దాటలేదు. చిత్రమేమిటంటే, కమాను సరిగ్గా సగానికి వచ్చేసరికి నా నాదం సన్నగా అదురుతుంది. ఇన్నేళ్లుగా వాయిస్తున్నానా, ఆ అదురు నాకు అప్పుడే వినిపించింది. కచేరీలో అయితే వేగంతో దాటేసేవాణ్ని.

ఇంజినీర్: మాస్టారు దాన్ని రికార్డు చేసి నాకు పంపారండి. ఒకే స్వరం, ఏడు నిమిషాలు. ఫైలు పాడైందనుకున్నాను. (నవ్వులు)

వయొలిన్ విద్వాంసుడు: వీడు వెంటనే ఫోన్ చేసి "మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా" అన్నాడు.

వ్యాఖ్యాత: ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం దేనికి? వీడియో కాల్‌లో అందరూ కలిసి వాయించొచ్చు కదా? ఈ ప్రశ్న చాలామందికి ఉంది.

ఇంజినీర్: కుదరదండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. అంటే మీరు నాకు పది మీటర్ల దూరంలో కూర్చుంటే, మీ దెబ్బ నాకు చేరడానికి 30 మిల్లీ సెకన్లు పడుతుంది. అక్కడిదాకా చెవి సర్దుకుంటుంది. మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం తేలిగ్గా 150 దాటుతుంది. అంటే మీరు 50 మీటర్ల అవతల నిలబడి వాయించినట్టు లెక్క. నిమిషానికి 120 దెబ్బల వేగం అనుకోండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది అర సెకనే. అందులో పావు వంతు పైనే దారిలో పోయింది. ఇక మీరు నాకోసం ఆగుతారు, నేను మీకోసం ఆగుతాను, పాట ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ ఆగిపోతుంది.

గాయని: మాకు సరిగ్గా అదే జరిగింది. నాలుగు ఆవర్తనాలకి, అంటే తాళం నాలుగు చుట్లు తిరిగేసరికి, ఇద్దరం నిద్రలో నడుస్తున్నట్టు అయిపోయాం.

ఇంజినీర్: ఇంకో తిప్పలుంది. ఆ కాల్ చేసే సాఫ్ట్‌వేర్ మాట కోసం తయారైంది. ఆగకుండా ఒకేలా మోగేది దేన్నైనా ఫ్యాన్ చప్పుడే అనుకుని అణిచేస్తుంది. తంబురా శ్రుతి పెట్టారా, కాసేపటికి మాయం. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే చాలావరకు నయం. పాఠాలు చెప్పేవాళ్లందరికీ నేను మొదట చెప్పింది అదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు అప్పటికే ఉన్నాయి, ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ దానికి వైఫై కాకుండా వైరుతో వచ్చే ఇంటర్నెట్ కావాలి, మైకును కంప్యూటర్‌కి కలిపే మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి, ఇద్దరూ మరీ దూరాన ఉండకూడదు. ఎంతమందికి కుదురుతుంది?

వ్యాఖ్యాత: మరి తెర మీద వందలమంది గళ్లుగళ్లుగా కనిపిస్తూ కలిసి పాడిన వీడియోలు?

ఇంజినీర్: వాటిలో ఎవరూ కలిసి పాడలేదు. (నవ్వులు) ఎవరింట్లో వాళ్లు చెవిలో క్లిక్, అంటే లయ తప్పకుండా టిక్ టిక్‌మని మోగే చప్పుడు, పెట్టుకుని ఒంటరిగా పాడి పంపిస్తే, మాలాంటివాళ్లం రాత్రుళ్లు కూర్చుని అతికించాం. మొదట్లో చప్పట్లు కొట్టమంటాం, ఆ చప్పట్లన్నీ ఒక గీత మీదకి తెస్తే మిగతాది సర్దుకుంటుంది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఎరిక్ విటాకర్ అనే అమెరికన్ స్వరకర్త 2010లోనే 185 మందితో చేశారు. 2020లో ఆయనే 129 దేశాల నుంచి 17 వేల పైచిలుకు గొంతులు కలిపారు.

గాయని: వినడానికి బాగుంటుంది. పాడటానికి మాత్రం ఘోరం. పక్కవాళ్ల ఊపిరి తెలియదు. నేను అలమరలో బట్టల మధ్య తల పెట్టి, మీద దుప్పటి కప్పుకుని పాడాను. గోడల నుంచి శబ్దం తిరిగి రాకూడదని ఈ బాబే చెప్పాడు. ఫ్యాన్ ఆపాలి. ఒక టేక్ అయ్యేసరికి చెమటతో ఫోన్ చేతిలోంచి జారిపోయేది.

వ్యాఖ్యాత: బృందగానం ప్రమాదం అన్నమాట అప్పట్లో గట్టిగా వినిపించింది. అతిగా భయపెట్టారంటారా?

వయొలిన్ విద్వాంసుడు: లేదు. అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో ఒక బృందం 2020 మార్చి 10న రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో 53 మందికి జబ్బు వచ్చిందని లెక్క తేలింది, ఇద్దరు పోయారు. పాడటానికే కదా వెళ్లారు పాపం. అది చదివాక మా శిష్యుల్ని ఇంటికి రావద్దన్నాను. ఎవరేమనుకున్నా సరే అనుకున్నాను.

వ్యాఖ్యాత: జబ్బు తగ్గాక గొంతు సంగతి?

గాయని: నాకు తర్వాత వచ్చింది. తగ్గిన వెంటనే పై స్థాయికి వెళ్లబోయాను, దగ్గు తెర తెరలుగా వచ్చింది. తప్పు నాదే. గొంతు నిపుణురాలు ఒకటే చెప్పారు. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ సన్నగా హమ్ చెయ్యమన్నారు. పెదాల దగ్గర దారి ఇరుకైతే స్వరతంతువుల మీద దెబ్బ తగ్గుతుందట. మా అబ్బాయి చూసి, "అమ్మా, నేను చేస్తే తిడతావుగా" అన్నాడు. రోజుకి ఐదేసి నిమిషాలు, మూడు సార్లు. మూడు వారాలు అదే నా కచేరీ.

వ్యాఖ్యాత: లైవ్‌ల గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి?

ఇంజినీర్: సిగ్గుపడి మాట్లాడటం లేదండి. నేను కీబోర్డు కూడా వాయిస్తాను. రోజూ సాయంత్రం లైవ్ పెడతానని ప్రకటించేశాను. మొదటిరోజు రెండొందల మంది. పన్నెండో రోజుకి తొమ్మిదిమంది, అందులో మా అక్కా బావా ఉన్నారు. పాట అవ్వగానే గదిలో నిశ్శబ్దం, చప్పట్లు ఉండవు. తెర మీద గుండె బొమ్మలు పైకి పోతుంటాయి. వేళ్లు వాయిస్తున్నాయి, కళ్లు మాత్రం ఆ అంకె మీద. పందొమ్మిదో రోజున ఆపేశాను. అప్పటి ట్యూన్లు ఇప్పుడు వింటే అన్నీ ఒకటే ట్యూన్.

వయొలిన్ విద్వాంసుడు: రోజూ వడ్డిస్తే వండేదెప్పుడురా?

ఇంజినీర్: అదే మాస్టారూ. ఆ తర్వాత వారానికి ఒకటి, ఎనిమిది సెకన్లకి మించకుండా చెయ్యాలని పెట్టుకున్నాను. వాటిలో రెండు ఇప్పటికీ వాడుకుంటున్నాను.

వ్యాఖ్యాత: డబ్బు విషయం అడగకుండా వదల్లేను.

గాయని: పాఠాలే నిలబెట్టాయి. వేదిక మీద పాడటం తప్ప ఇంకో దారి లేనివాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో తలుచుకోకపోవడమే మంచిది. పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్ 2020 మార్చి 20న, ఒక శుక్రవారం, తన వాటా వదులుకుంది. కొన్నవాళ్ల డబ్బులో ఆ వాటా కూడా కళాకారులకే వెళ్లింది. తర్వాత కూడా అలాంటి శుక్రవారాలు పెట్టారు. కానీ సొంత రికార్డింగులు ఉన్నవాళ్లకే కదా అది. పక్క వాద్యాలవాళ్లకి ఏముంది అమ్ముకోవడానికి?

వ్యాఖ్యాత: మళ్లీ అందరూ ఒకేచోట కూర్చున్న రోజు గుర్తుందా?

గాయని: ఎందుకు గుర్తుండదు? కిటికీలన్నీ తెరిచి, దూరం దూరంగా కూర్చున్నాం. మాస్టారు శ్రుతి చూసుకున్నారు. మా మృదంగం ఆయన చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయారు. నేనూ చూస్తున్నాను, ఆయనా చూస్తున్నారు. ఏమైందండీ అన్నాను. మొహమాటంగా నవ్వి, "క్లిక్ ఏదండీ?" అన్నారు.