నరికినా చిగురించే మియొంబో అడవి

నమస్తే అండి. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ ఎర్రటి అడవి జింబాబ్వేలోది. సెప్టెంబరు నెల. ఇంకా ఒక్క చినుకు కూడా పడలేదు. అయినా చెట్లు చిగురు వేసేశాయి, లోపల దాచుకున్న నీటితోనే! రాగి రంగు, వంగపండు రంగు, ముదురు ఎరుపు... కొన్నాళ్లకు ఇవన్నీ ఆకుపచ్చగా మారిపోతాయి.

ఈ చెట్టును అక్కడ ముసాసా అంటారు. బ్రాకీస్టీజియా అనే ప్రజాతి. చిక్కుడు కుటుంబమే, మన చింత ఉన్న ఉపకుటుంబమే. అంగోలా నుంచి మొజాంబిక్ దాకా పరుచుకున్న మియొంబో అడవుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ చెట్లే.

ఈ కాయ చూడండి, చెక్కలా గట్టిగా ఉంది. ఎండకు బాగా ఎండాక టప్పుమని పగులుతుంది. రెండు తొక్కలూ మెలితిరిగి, గింజలు దూరంగా ఎగిరిపడతాయి.

చిక్కుడు జాతి అనగానే వేళ్లకు బుడిపెలు, వాటిలో నత్రజని అనుకుంటాం కదా. దీని వేళ్లకు ఆ బుడిపెలు ఉండవు. శిలీంధ్రాలు వేళ్లను తొడుగులా చుట్టుకుని, మట్టిలోని పోషకాలు అందిస్తాయి. బదులుగా చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది. వానలు పడగానే అవే పుట్టగొడుగులై పైకొస్తాయి. జాంబియాలో రోడ్ల పక్కన ఆడవాళ్లు గిన్నెల్లో పోసి అమ్మేవాటిలో ఇవీ ఉంటాయి. చెట్టు పోతే ఆ సంపాదనా పోతుంది.

మరి నరికితే ఈ చెట్టు చస్తుందా? చావదు. మొదలు మిగిలితే చాలు, మళ్లీ పిలకలు వేస్తుంది. ఉత్తర జాంబియాలో బెంబా రైతులు చితెమెనే అనే పద్ధతిలో కొమ్మలు మాత్రమే కొట్టి, కుప్పవేసి కాల్చి, ఆ బూడిదలో రాగులు చల్లుతారు. మన పోడు లాంటిదే, కానీ మొద్దులు నిలబడే ఉంటాయి.

అసలు దెబ్బ మంటది. అక్కడి వానలు లేని కాలం చివర్లో గడ్డి బాగా ఎండాక అంటుకుంటే లేత పిలకలు మాడిపోతాయి. జాంబియాలోని ఎండోలా దగ్గర 1930ల్లో మొదలైన ప్రయోగంలో, ఏటా ఆలస్యంగా కాల్చిన చోట అడవి పోయి గడ్డి మిగిలింది. మంట అసలు తగలనిచోట చెట్లు దట్టంగా పెరిగాయి.

2024లో కరువొచ్చి, జలవిద్యుత్తు ఇచ్చే కరీబా జలాశయం అడుగంటి, జాంబియాలో గంటల తరబడి కరెంటు పోయింది. పొయ్యి వెలగాలంటే చాలా ఇళ్లకు ఈ అడవి చెట్లను కాల్చి చేసే కట్టెబొగ్గే దిక్కు. అందుకే బొగ్గు కాల్చేవాళ్లను దొంగల్లా చూపించడం నాకు నచ్చదు. మొదళ్లు వదిలి కొట్టడం, అక్కడ వానలు ఆగి గడ్డి ఇంకా పచ్చిగా ఉన్న మే, జూన్ నెలల్లోనే పలచగా కాల్చేయడం, ఈ రెండు పనులూ ఊరివాళ్లు చేయగలిగినవే.