సంది: ఒక్క మాట, ఇంగ్లీషులో రెండు మాటలు

శ్రోతలందరికీ నమస్కారం.

"పొద్దటి సంది కరెంటు లేదు." "మూడు దినాల సంది జరం." "రెండేండ్ల సంది అక్కడ్నే పని చేస్తున్న." నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూలు, మన దిక్కు ఏ ఊరికి పోయినా ‘సంది’ అనకుండా పూట గడవదు. పుస్తకాల తెలుగులో దీన్నే ‘నుంచి’ అంటారు. ఏ పేరుతో పిలిచినా చేసే పని ఒక్కటే. నోట్లో ఇంత చక్కగా పలికే ఈ మాటే ఇంగ్లీషులోకి దిగేసరికి రెండు చోట్ల కాలు జారుస్తుంది. ఇన్, ఆన్, యాట్‌లకు చివర్లో ఒక నిమిషం ఇస్తాను. మిగతా టైమంతా సందికే.

ఒక ఇంటర్వ్యూ అనుకుందాం. దేవరకొండ దిక్కు అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తున్నది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంకో కొలువు కోసం వచ్చి కూర్చున్నది. ఎదుటి ఆయన అడిగాడు: "హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ వర్కింగ్ దేర్?" అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: "ఐ యామ్ వర్కింగ్ దేర్ సిన్స్ టూ ఇయర్స్."

ధైర్యంగా చెప్పింది. ఆయనకు అర్థం కూడా అయింది. కానీ ఏడు మాటల ఆ జవాబులో రెండు తప్పులున్నాయి. రెండూ సంది దగ్గర్నుంచి వచ్చినవే.

మొదటిది క్రియలో ఉంది. తెలుగులో "పని చేస్తున్న" అంటే చాలు. ఈ క్షణం చేస్తున్న పనికీ అదే, రెండేండ్ల సంది చేస్తున్న పనికీ అదే. ఇంగ్లీషులో అట్లా కుదరదు. "ఐ యామ్ వర్కింగ్" అనేది ఇప్పటి ముచ్చట. వెనక ఎప్పుడు మొదలైంది, ఎంతకాలంగా సాగుతున్నది అనే బరువును అది మోయలేదు. వెనక మొదలై ఇప్పటికీ నడుస్తున్న పనికి "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. తమాషా ఏమిటంటే, ఆ రూపం అడిగినాయన నోటినుంచే వచ్చింది. ప్రశ్నలో ఉన్న క్రియనే అందుకుంటే సరిపోయేది: యూ తీసేసి ఐ పెట్టాలి, అంతే. ఇంటర్వ్యూలో ప్రశ్నను చెవిపెట్టి వింటే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

రెండో తప్పు సిన్స్. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. ‘సంది’కి ముందు ఏ మాట ఉందో చూడండి. సోమవారం సంది, పది గంటల సంది, 2014 సంది. ఇవన్నీ క్యాలెండర్ మీదనో గడియారం మీదనో వేలు పెట్టి చూపించగలిగేవి. వాటికి సిన్స్. మూడు దినాల సంది, రెండేండ్ల సంది, అరగంట సంది. ఇవి లెక్కపెట్టేవి. వాటికి ఫర్. మళ్లీ చెప్తాను. వేలు పెట్టి చూపేది సిన్స్, వేళ్ల మీద లెక్కపెట్టేది ఫర్.

అమ్మాయిది రెండేండ్లు, అంటే లెక్క. కాబట్టి జవాబు: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ టూ ఇయర్స్."

ఇక తిరకాసులు. "పెండ్లయిన సంది" అంటే పెండ్లికి తారీఖు ఉంది, సిన్స్. "చిన్నప్పటి సంది" అంటే తారీఖు లేకున్నా బతుకులో అదొక చోటు, "సిన్స్ చైల్డ్‌హుడ్". "శానా రోజుల సంది" దగ్గర మాత్రం చదువుకున్నవాళ్లు కూడా "సిన్స్ లాంగ్" అనేస్తారు. రోజులు లెక్కకు వస్తాయి కదా, ఎన్నో చెప్పకపోయినా సరే, "ఫర్ ఎ లాంగ్ టైమ్" అనాలి. అన్నిటికన్నా మోసం చేసేది ‘లాస్ట్’. "సిన్స్ లాస్ట్ మండే" సరైనదే, ఆ సోమవారాన్ని చూపించవచ్చు. దాని పక్కన చూసి "సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్" అంటే తప్పు. మూడేండ్లు లెక్క, "ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్". దరఖాస్తుల్లో ఈ తప్పు లేని కాగితం అరుదు.

ఇప్పుడు దవాఖానాకు పోదాం. "మూడు దినాల సంది జరం" అనేదాన్ని "ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ ఫ్రమ్ త్రీ డేస్" అంటారు. డాక్టర్ మందు రాస్తాడు, జరం తగ్గుతుంది, తప్పు మాత్రం అట్లనే ఉంటుంది. సరైనది "ఐ హ్యావ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్". హ్యావ్ పక్కన హ్యాడ్ చూసి భయపడొద్దు. మొదటిది వెనకటినీ ఇప్పటినీ ముడేసే సాయం మాట. రెండోది మన ‘ఉంది’. ఉండటం, తెలియటం లాంటి వాటికి సాధారణంగా ఇంగ్ అక్కర్లేదు. "ఆయన నాకు పదేండ్ల సంది తెలుసు" అంటే "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్". "నోయింగ్" అనకూడదు.

ఆ అమ్మాయి దగ్గరికి ఇంకోసారి వద్దాం. ఆమె హ్యావ్ బీన్ వదిలేసి "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అన్నదనుకోండి. ఇందులో వ్యాకరణం తప్పు లేదు. తప్పంతా అర్థంలో. అంటే ఆ పని మానేసింది అని. వెంటనే ఆయన "ఎందుకు మానేశారు?" అని అడుగుతాడు. ఇంకా మానలేదని చెప్పుకునేసరికి ఆమెకు చెమటలు. ఫర్ రెండు దిక్కులా నిలబడుతుంది: ముగిసిన పనికీ, సాగుతున్న పనికీ. సాగుతున్నదా ముగిసిందా అనేది క్రియే చెప్పాలి.

ముగిసిపోయిన దినం, ముగిసిపోయిన ఏడు వాక్యంలో సిన్స్ లేకుండా పేరుతో కనబడితే మాత్రం హ్యావ్ పక్కకు జరగాలి. "ఐ హ్యావ్ పాస్డ్ ఇంటర్ ఇన్ 2019" అని రెజ్యూమెల్లో కుప్పలుగా కనబడుతుంది. 2019 అయిపోయింది. "ఐ పాస్డ్ ఇంటర్ ఇన్ 2019" చాలు. నిన్న, మొన్న, క్రితం వారం, అన్నీ ఇంతే.

"రెండేండ్ల కింద ఇల్లు కట్టినం" అనే మాటను "బిఫోర్ టూ ఇయర్స్" అనటం కూడా మనకు అలవాటే. ఇప్పటినుంచి వెనక్కి లెక్కపెడితే అగో: "వీ బిల్ట్ ద హౌస్ టూ ఇయర్స్ అగో". మన ‘కింద’ లాగనే అగో కూడా లెక్క తర్వాతనే వస్తుంది, గుర్తుపెట్టుకోవటం సులువు. బిఫోర్‌కు పండుగో పరీక్షో ఏదో ఒకటి చూపించాలి: "బిఫోర్ దసరా".

ఇన్, ఆన్, యాట్‌లకు మాటిచ్చిన నిమిషం ఇది. గడియారానికి యాట్, దినానికి ఆన్, నెలకూ ఏడుకూ ఇన్. తారీఖు పూర్తిగా ఉంటే దినమే గెలుస్తుంది. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. ఇంగ్లీషులో "నారాయణపేట్ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఆన్ 17 ఫిబ్రవరి 2019". తారీఖు తీసేసి ఏడు ఒక్కటే ఉంచితే "ఇన్ 2019". అప్పటి సంది జిల్లాగానే ఉంది అంటే "ఇట్ హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2019". జిల్లా కావటం ఒక్కరోజు ముచ్చట, జిల్లాగా ఉండటం ఇంకా సాగుతున్న ముచ్చట. క్రియ అందుకే మారింది.

సంది మొదలు చెప్తుంది, ‘వరకు’ చివర చెప్తుంది. దానిలో కూడా ఒక మెలిక ఉంది. మన దిక్కు వరకు అనే మాటతో రెండు పనులు చేయించుకుంటాం. ఫామ్ శుక్రవారం వరకు ఇవ్వాలె అంటే ఆలోపు ఎప్పుడైనా ఒక్కసారి ఇస్తే చాలు, అది బై. ఆఫీసు శుక్రవారం వరకు తెరిచి ఉంటది అంటే అన్నాళ్లూ ఆగకుండా, అది టిల్. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి "ఎనిమిదింటి వరకు వస్త" అంటే బై. "ఎనిమిదింటి వరకు ఆఫీసులనే ఉంట" అంటే టిల్.

సెలవు. నమస్కారం.