బరోక్: గచ్చు వెనక ఏముంది?

మిత్రులకు నమస్కారం.

బరోక్ అనే యూరప్ కట్టడ శైలి పేరు వినగానే బంగారు పూత, రెక్కల దేవదూతలు, మెలితిరిగిన స్తంభాలు కళ్లముందుకొస్తాయి. అవన్నీ ఒలిచేసినా బరోక్ మిగులుతుంది. 17వ శతాబ్దపు రోమ్‌లో ఈ శైలి మొదట గోడ వంపులో పుట్టింది, నగిషీ ఆ తర్వాతి సంగతి.

రోమ్‌లోని సాన్ కార్లో చర్చిని తీసుకుందాం. నాలుగు ఫౌంటెన్ల కూడలిలో ఇరుకు మూల స్థలం. కట్టించుకున్న సన్యాసుల దగ్గర డబ్బు తక్కువ. వాస్తుశిల్పి బొర్రోమీని 1638లో చర్చి పని మొదలుపెట్టాడు, 1646లో ప్రతిష్ఠ జరిగింది. లోపల ఖరీదైన పాలరాయి హంగు లేదు, దాదాపు అంతా తెల్లటి గచ్చే. అయినా మధ్యలో నిలబడితే గోడ అలలా ముందుకొచ్చి వెనక్కి తగ్గుతున్నట్టుంటుంది.

ఆ వంపుల వెనక గట్టి లెక్క ఉంది. కాగితం మీద గీసి చూడండి. రెండు సమబాహు త్రిభుజాలను ఒకే భుజం మీద అటొకటి, ఇటొకటి వేయండి. ఒక్కోదాని లోపల మూడు భుజాలనూ తాకేలా ఒక వృత్తం గీయండి. ఇప్పుడు ఆ ఉమ్మడి భుజం రెండు కొసల్లో కంపాస్ ముల్లు ఆనించి, రెండు వృత్తాలనూ కలిపే పెద్ద చాపాలు తిప్పండి. వచ్చిన అండాకారమే గుమ్మటం అంచుకు ఆధారం. గుమ్మటం లోపలి శిలువ, షడ్భుజి, అష్టభుజి గళ్లు పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి కాబట్టి, ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. అడుగున కిటికీలను అంచు చాటున దాచాడు. వెలుగు వస్తుంది, ఎక్కణ్నుంచో తెలియదు. బరోక్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ దాచిన వెలుగే.

చూసేవాడు ఎక్కడ నిలబడాలో కూడా ఈ వాస్తుశిల్పులే నిర్ణయించారు. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ముందు వాస్తుశిల్పి బెర్నీని నిలిపిన 284 స్తంభాలు నాలుగు వరసలు. నేల మీద గుర్తు పెట్టిన రాతిపలక దగ్గర నిలబడితే నాలుగూ ఒక్క వరసే అనిపిస్తాయి. రోమ్‌లోనే సాంత్ ఇన్యాత్సియో చర్చిలో గుమ్మటమే లేదు. ఉన్నది 1685లో చిత్రకారుడు పొత్సో చిత్రించిన చదునైన గుడ్డ. గుర్తు మీద నిలబడితే గుమ్మటం, పక్కకు జరిగితే అది వాలిపోతుంది.

అయితే కంటికి చూపించేది వేరు, బరువు మోసేది వేరు అయినప్పుడు పొరపాటుకు చోటుంటుంది. సెయింట్ పీటర్స్ ముఖభాగం మీద బెర్నీని 1638లో గంటగోపురం మొదలుపెట్టాడు. కింది పునాదులు అంతకుముందు మదెర్నో అనే వాస్తుశిల్పి వేసినవి, తేలికైన గోపురాలకు ఉద్దేశించినవి. పైగా దక్షిణం వైపు నేల తడి నేల. మూడంతస్తుల బరువు పడేసరికి 1641 నాటికే పగుళ్లు. 1646లో మొత్తం విప్పేశారు.

సిసిలీలోని నోతో కథ ఇంకా బాధాకరం. 1693 భూకంపం తర్వాత కొత్తగా కట్టుకున్న ఊరది. అక్కడి కెథడ్రల్ (పెద్ద చర్చి) స్తంభాలకు బయట చెక్కిన రాయి, లోపల గులకరాళ్లూ బలహీనమైన సున్నమూ. 20వ శతాబ్దంలో పైకప్పును కాంక్రీటుతో బరువెక్కించారు. 1990 భూకంపం అదిలించింది. 1996 మార్చి 13న స్తంభాలు కూలి, వాటితో గుమ్మటమూ కూలింది. స్తంభం నున్నగా ఉంది కదా అని గట్టిదనుకోకూడదు. మరమ్మతుకు ముందు గర్భంలో ఏముందో తొలిచి చూడాలి. తిరిగి తెరిచేసరికి 2007 అయింది.

లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో వాస్తుశిల్పి రెన్ ఈ చిక్కును బాహాటంగా విడదీశాడు. లోపల కనిపించే ఇటుక గుమ్మటం ఒకటి, బయట కనిపించే కర్ర, సీసం గుమ్మటం ఒకటి. శిఖరం మీది రాతి కట్టడాన్ని మోసేది ఆ రెంటి మధ్య దాగిన ఇటుక శంకువు.

ఇక మనకు దగ్గరలో గోవా. బోమ్ జీసస్ బసిలికా 1605లో ప్రతిష్ఠించినది, పునరుజ్జీవన శైలి బరోక్‌లోకి మళ్లుతున్న నాటిది. 1950లలో దాని బయటి సున్నపు పూతను చెక్కేశారు. ఇప్పుడందరూ మెచ్చుకునే ఆ ఎర్రదనం నిజానికి ఒంటి మీద చర్మం లేని లాటరైట్ రాయి. సందులున్న రాయి కనుక వానాకాలమంతా నీరు పీల్చి, పొడిపొడిగా రాలుతుంది. సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని హాని పెరుగుతుంది. ఊపిరాడనిచ్చే సున్నపు పూతే మళ్లీ వేయాలి. హైదరాబాద్‌లోని పైగా వంశస్థుల సమాధుల గచ్చు పని చూసినవాళ్లకు ఆ సున్నం కొత్తేమీ కాదు.