అమ్మా, కొండదారిలో మట్టిపని ఇలా ఉంటుంది

అందరికీ నమస్కారం. ఈ శనివారం వీడియో మా అమ్మ కోసం. "కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడివి, అడవిలో గొడ్డలి పట్టుకుని కూలిపనికి వెళ్ళడమేమిటి నాయనా? కాలికో చేతికో తగిలితే ఎవరు చూస్తారు?" అని ఫోను చేసినప్పుడల్లా ఒకటే బెంగ. అందుకే చూపిస్తున్నాను.

ఇది టైగర్ మౌంటెన్, సియాటిల్ నుంచి కారులో అరగంట. ఈ చుట్టుపక్కల కొండల్లో నడకదారులు పాడైతే జనమే వచ్చి బాగుచేస్తారు. వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1993 నుంచి ఇలా పని చేయిస్తోంది. కూలి ఉండదు. హెల్మెట్, చేతి తొడుగులు, పనిముట్లు వాళ్ళవే. నా ఖర్చు ఈ బూట్లు మాత్రమే: 120 డాలర్లు, మన డబ్బులో పదివేల పైమాటే. ఫారెస్ట్ సర్వీసు అనే ప్రభుత్వ శాఖ అడవుల్లో రెండు రోజులు పనిచేస్తే, అక్కడ కారు నిలుపుకునే వార్షిక పాసు ఊరికే వస్తుంది.

హెల్మెట్ల రంగులు చూడండి. ఆకుపచ్చవి మావి, నారింజ రంగువి సహాయ నాయకులవి, నీలం రంగుది మొత్తం జట్టు నాయకుడిది. ముందు భాగాన టేపు అంటించి పేరు రాస్తారు. వారమంతా తెర ముందు ఒంటరిగా కూర్చునే నన్ను ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు, "నీళ్ళు తాగావా?" అని అడుగుతారు. ఆ పిలుపు కోసమే సగం వస్తాను.

పని మొదలయ్యే ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒక వరుస చెబుతారు: ముందు భద్రత, తరువాత సరదా, చివరికి పని. మన దగ్గర పార భుజాన వేసుకుని నడుస్తాం కదా, ఇక్కడ అది నిషేధం. పనిముట్టును లోయవైపు చేతిలో, పదును ముందుకు ఉండేలా, కిందికి దించి పట్టుకోవాలి. కాలు జారితే లోయవైపే వదిలేయాలి, మీద పడదు. మనిషికీ మనిషికీ పది అడుగుల ఎడం ఉండాలి.

నాకు బాగా నచ్చింది ఇది. పనిచేసేవాళ్ళను దాటాలంటే దూరం నుంచే "వస్తున్నాను" అని కేక వేయాలి. అవతలివాళ్ళు పని ఆపి, పనిముట్టు నేలకు ఆనించి, మన కళ్ళలోకి చూసి, "రండి" అంటేనే అడుగు వేయాలి. ఇందాక ఒక పెద్దావిడ నాకోసం అలా ఆగింది. తవ్వుతున్న పులాస్కీ అనే పనిముట్టును మట్టిలో ఆనించి, నేను పూర్తిగా దాటేవరకూ దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. మన ఊళ్ళో చెరువు పూడిక తీసేవాళ్ళకూ ఈ పద్ధతి నేర్పాలి. వాళ్ళ తలకు తువ్వాలు తప్ప రక్షణ ఏముంది?

పులాస్కీ అంటే ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిస లాంటి అలుగు. 1910 ఆగస్టులో ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషులను గని సొరంగంలోకి తీసుకెళ్ళి చాలామందిని కాపాడిన ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి పేరే దీనికి వచ్చింది. దీన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

సరే, అసలు విషయంలోకి వస్తాను. రాయి దొర్లితే వెంటనే "రాయి!" అని అరవాలి, కింద ఎవరూ లేరనుకున్నా సరే. ఆకుల కింద నేలలో కందిరీగలు గూడు పెడతాయి. అవి కనిపిస్తే అక్కడ పని ఆపేసి, ఆ చోటు అందరికీ తెలిసేలా గుర్తు పెడతారు.

మనకు వింతగా అనిపించేది నూలు బట్టల సంగతి. మన ఎండకు నూలును మించింది లేదు. ఈ చలివానలో అదే ప్రమాదం: తడిస్తే ఆరదు, ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. ఉన్ని అయితే తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. అందుకే లోపల ఉన్ని చొక్కా వేసుకున్నాను.

అమ్మా, వేసవిలో నువ్వు వచ్చినప్పుడు నిన్నూ తీసుకొస్తాను. బరువు పని వద్దు, కొమ్మలు కత్తిరించే పొడవాటి కత్తెర ఇప్పిస్తాను. పులిహోర ఎక్కువగా కలుపు, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ నూలు చీర కుదరదు, ప్యాంటూ బూట్లూ వేసుకోవాలి. బూట్ల కొలత నాన్నతో చెప్పి పంపించు.