ట్యాబ్ కొంటే కంప్యూటర్ తీసేయొచ్చా?

అందరికీ నమస్కారం. ఇక్కడ షాపులవాళ్లు, అకౌంట్లు రాసేవాళ్లు, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లు ఎక్కువమంది కనిపిస్తున్నారు. కాబట్టి ట్యాబ్‌లో సినిమా ఎంత బాగా కనిపిస్తుందన్న సంగతి వదిలేసి, రోజువారీ పని నడుస్తుందా లేదా అన్నదే మాట్లాడతాను.

ట్యాబ్‌కు అంత శక్తి ఎక్కడిదని ఇంకా కొందరు అంటుంటారు. అది పాత మాట. 2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ‘ఆకాశ్’ ట్యాబ్ తెచ్చింది, గుర్తుందా? 256 ఎంబీ ర్యామ్. తెర మీద వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. పదేళ్లు తిరిగేసరికి, 2021లో, ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో వాడే ఎం1 చిప్‌నే ఐప్యాడ్ ప్రోలో పెట్టేసింది. కీబోర్డు, మౌస్ తగిలించుకోవచ్చు. శక్తికి కొదవ లేదు. మరి తేడా ఎక్కడొస్తోంది?

జీఎస్టీ తీసుకోండి. పోర్టల్ ట్యాబ్‌లోనూ తెరుచుకుంటుంది. సొంత షాపు ప్రొప్రయిటర్ అయితే ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రిటర్న్ వేసేయొచ్చు. అదే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకోండి, డిజిటల్ సంతకం కావాలి. డీఎస్సీ అంటాం కదా, టీచర్ పోస్టులది కాదు, ఇది వేరే. ఆ సంతకం చిన్న యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంటుంది. దాన్ని గుచ్చాలి, దాన్ని గుర్తుపట్టే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉండాలి, వెనకాల సంతకం పెట్టించే ఎంసైనర్ అనే ప్రోగ్రామ్ నడుస్తుండాలి, అప్పుడు పాస్‌వర్డ్ కొట్టాలి. ఇదంతా కంప్యూటర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. 20వ తారీఖు సాయంత్రం రిటర్న్ టెన్షన్‌లో ఉన్నప్పుడు, ఎంత ఖరీదైన ఐప్యాడ్ ఉన్నా, ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నా ఇక్కడ అక్కరకు రాదు.

లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ కూడా విండోస్ కంప్యూటర్ మనిషే. ఓనరు ట్యాబ్‌లో రిపోర్టులు చూసుకోవచ్చు గానీ, రోజంతా ఓచర్లు ఎంట్రీ చేసేవాళ్లకు కంప్యూటర్ ఇవ్వాల్సిందే.

డీటీపీ వాళ్లది ఇంకా ముదురు కేసు. శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ చాలాచోట్ల అనూ అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే కొడుతున్నారు. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో! అనూలో మన కంటికి ‘క’ కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ లెక్కలో అది ‘క’ కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. ఆ ఫాంట్ లేనిచోట ఫైల్ తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట పిచ్చి గీతలు వస్తాయి. పైగా కస్టమర్ వాట్సాప్‌లో పంపే మ్యాటరు యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా ‘క’ను ‘క’గానే లెక్కేసే పద్ధతి. దాన్ని అనూలోకి మార్చే కన్వర్టర్‌లో వేశాక వత్తులు చెదిరాయేమో మళ్లీ ప్రూఫ్ చూడాలి. కొత్తగా సెంటర్ పెట్టేవాళ్లు మొదట్నుంచీ యూనికోడ్‌లో పనిచేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఏళ్ల తరబడి పోగైన పాత ఫైళ్లున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

పాఠాలు చెప్పేవాళ్లకు, పీడీఎఫ్‌లు చదివి పెన్నుతో దిద్దేవాళ్లకు, మీటింగులు, మెయిళ్లతో రోజు గడిచేవాళ్లకు మాత్రం నేను ట్యాబే కొనమంటాను. అయితే కీబోర్డు కవరు, పెన్ను కలిపి లెక్కేయండి. మంచివి తీసుకుంటే బిల్లు లాప్‌టాప్ ధర దాకా పోతుంది.

కొనేముందు ఓ కాగితం మీద రోజూ ఏమేం తెరుస్తున్నారో రాసుకోండి. అందులో టాలీ, డాంగిల్, అనూ, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా కంప్యూటర్ అమ్మకండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.